కనపడనిదంతా లేనట్టేనా?

షికాగో శివార్లలో చలి ఎలా ఉంటుందని అక్కడి తెలుగు కుటుంబాలను అడిగితే 2019 జనవరి 30 సంగతి చెబుతారు. ఆ రోజు ఆ నగరంలో ఉష్ణోగ్రత మైనస్ 31 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అలాంటి ఊళ్లో ఇంటిని మనుషులు ఉండదగ్గదిగా ఉంచేది బేస్‌మెంటులో ఓ మూల నిలబడి ఉండే గ్యాస్ ఫర్నేసు. పనిచేస్తున్నంతకాలం దాన్ని ఎవరూ పట్టించుకోరు. మొరాయించిన రాత్రి మాత్రం ఇంటిల్లిపాదీ స్వెట్టర్లు తొడుక్కుని దాని ముందు చేరతారు.

అది మొరాయించే పద్ధతుల్లో ఒకటి తర్కశాస్త్రం చదువుకున్నవాళ్లకు భలే నచ్చుతుంది. థర్మోస్టాట్ వేడి కావాలని అడుగుతుంది. లోపల చిన్న ఫ్యాను తిరిగి, మిగిలిపోయిన వాయువులను బయటికి తోసేస్తుంది. ఇగ్నైటరు ఎర్రగా కాగుతుంది. గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. బర్నర్ల మీద భగ్గుమని నీలిమంట లేస్తుంది. హమ్మయ్య అనుకునేలోపే టక్‌మని చప్పుడు, మంట మాయం. మళ్లీ మొదటినుంచి ఇదే తంతు. చాలా మోడళ్లు ఇలా మూడుసార్లు చూసి, ఇక కుదరదని గంటసేపు బిగుసుకుపోతాయి. గాజుబిళ్లలోంచి తొంగిచూస్తున్న ఇంటాయనకు మంట కళ్లారా కనిపించింది. యంత్రం మాత్రం అది లేదన్నట్టుగా గ్యాస్ కట్టేసింది.

‘నాకు తెలియరాలేదు’ అన్న దానినుంచి ‘లేదు’ అన్న నిర్ణయానికి దూకే హక్కు ఎవరికి, ఎప్పుడు ఉంటుంది? దేవుడి విషయంలో మన దేశపు తార్కికులు వెయ్యేళ్లకు పైగా కొట్లాడుకున్న ప్రశ్న ఇది. ఇనప పెట్టె ఒకటి దాన్నే చలికాలం పొడవునా, థర్మోస్టాట్ అడిగినప్పుడల్లా ఎదుర్కొంటుంది.

ఫర్నేసుకు కళ్లు లేవు. బర్నరు ముందు, మంట సరిగ్గా తగిలేలా, వేలెడంత లోహపు కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్నే ఫ్లేమ్ సెన్సర్ అంటారు. మంటలో విద్యుదావేశం ఉన్న కణాలు, అంటే అయాన్లు, ఉంటాయి కనుక మంటలోంచి కొద్దిగా కరెంటు పారుతుంది. ఫర్నేసులోని సర్క్యూట్ బోర్డు ఆ కడ్డీకి ఏసీ కరెంటు ఇచ్చి, మంట గుండా బర్నరు లోహంలోకి ఎంత పారుతోందో కొలుస్తుంది. ఇక్కడే ఇంజనీర్ల తెలివి చూడాలి. కరెంటు పారితే చాలు, మంట ఉన్నట్టే అనుకోవచ్చు కదా? అనుకోకూడదు. కడ్డీ మీద తేమ పేరుకున్నా, తీగ ఎక్కడో పెట్టెకు తగిలినా కరెంటు పారుతుంది. అయితే అలా పారేది రెండు దిక్కులా సమానంగా పారుతుంది. మంటలో అలా కాదు. కడ్డీ చిన్నది, బర్నరు పెద్దది. అందువల్ల ఒక దిక్కుకు ఎక్కువ, రెండో దిక్కుకు తక్కువ పారి, ఏసీ కాస్తా డీసీలా మారుతుంది. బోర్డు వెతికేది ఆ డీసీ కోసమే. అది మామూలుగా 1 నుంచి 6 మైక్రోఆంపియర్ల దాకా ఉంటుంది. మైక్రోఆంపియరు అంటే ఆంపియరులో పదిలక్షలో వంతు.

ఈ పని పద్ధతి చూస్తే అన్నంభట్టు సంతోషించేవాడు. 17వ శతాబ్దపు ఈ తెలుగు పండితుడు రాసిన తర్కసంగ్రహంతోనే దేశమంతటా న్యాయదర్శనం, అంటే తర్కశాస్త్రం, చదువు మొదలవుతుంది. కాశీకి వెళ్లినంత మాత్రాన అందరూ అన్నంభట్టులు కాలేరని పండితుల్లో నానుడి కూడా ఉంది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఊహించడం ఆయన పుస్తకంలో మూల ఉదాహరణ. వంటింట్లో పొగ ఉన్నప్పుడు నిప్పు ఉండటం చూశాం, చెరువులో నిప్పూ లేదు పొగా లేదు, కనుక పొగ నమ్మదగిన గుర్తు. దాన్ని తిప్పి, నిప్పున్నచోటల్లా పొగ ఉండాలని వాదిస్తే మాత్రం తప్పు. ఎర్రగా కాల్చిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టెలు కూడా తోడవ్వాలి. ఆ తోడును నైయాయికులు, అంటే న్యాయదర్శనం పండితులు, ఉపాధి అన్నారు. చక్కగా మండుతున్న గ్యాస్ బర్నరు కూడా ఆ ఇనుపగుండు జాతిదే, దానికి పొగ ఉండదు. అందుకని ఫర్నేసు తయారుచేసినవాళ్లు పొగను వదిలేసి, వట్టి కరెంటును కూడా వదిలేసి, మంట లేనిచోట దాదాపుగా పుట్టని ఒక గుర్తును ఏరుకున్నారు. తేమలోనూ కనిపించే గుర్తు పనికిరాదు. దాన్ని తర్కంలో సవ్యభిచార హేతువు అంటారు, అంటే కావలసిన చోటా వద్దన్న చోటా తిరిగే హేతువు.

అయితే ఎంత మంచి గుర్తయినా ఒక వైపే పనిచేస్తుంది. డీసీ కనిపిస్తే మంట ఉన్నట్టే. డీసీ కనిపించకపోతే? కొన్నేళ్లు మంటలో కాలిన కడ్డీ మీద ఆక్సైడు పొర, గాలిలోంచి వచ్చిన సిలికా పొర పేరుకుంటాయి. అవి కరెంటును పారనివ్వవు. మంట కడ్డీని నిండా కమ్మేసినా బోర్డుకు కబురు అందదు.

లేమిని తెలుసుకోవడం ఎలా అన్న చర్చలో మన దర్శనాలు కీచులాడుకున్నాయి. గదిలో కుండ లేదన్న సంగతి కంటితోనే తెలుస్తుందని నైయాయికులు, కాదు, అనుపలబ్ధి అనే వేరే ప్రమాణంతో తెలుస్తుందని 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు. ఎవరి దారి వారిదే అయినా ఒక షరతును ఇద్దరూ ఒప్పుకున్నారు. కుండ అక్కడ ఉండి ఉంటే కనిపించేదే అని చెప్పగలగాలి. వెలుతురు ఉండాలి, కళ్లు బాగుండాలి, వస్తువు కంటికి కనిపించే జాతిది అయ్యుండాలి. ఇదే యోగ్యానుపలబ్ధి. చీకటి గదిలో కుండ కనిపించలేదని కుండ లేదనకూడదు. పిశాచం కనిపించలేదు కనుక గదిలో పిశాచం లేదనీ అనకూడదు, ఉన్నా అది కనిపించే సరుకు కాదు గనుక. పొర పట్టిన కడ్డీ చీకటి గదిలాంటిది. అందులోంచి వచ్చిన ‘లేదు’కు తర్కంలో విలువ లేదు.

ఈ షరతు ఎంత ఖరీదైనదో 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూలండన్ అనే ఊరు తెలుసుకుంది. అక్కడి బడి భవనాన్ని వెచ్చబెట్టడానికి సహజవాయువు వాడేవారు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఎక్కడో లీకై నేల కింది ఖాళీలో నిండింది. పిల్లలకుగానీ పంతుళ్లకుగానీ ఏమీ తెలియలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నారు. వర్క్‌షాపులో ఒక విద్యుత్ యంత్రం స్విచ్ వేసినప్పుడు రేగిన నిప్పురవ్వతో భవనం పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌కు ఘాటైన మెర్కాప్టాన్ వాసన కలపాలన్న చట్టాలు వచ్చాయి. తార్కికుల భాషలో చెప్పాలంటే, తెలియరాని దాన్ని తెలియదగినదిగా మార్చారు. ఈనాడు వంటింట్లో వాసన రాకపోతే గ్యాస్ లీక్ లేదనుకుని నిశ్చింతగా ఉంటున్నామంటే, ఆ నిశ్చింతకు అర్హత 1937 తర్వాతే వచ్చింది.

ఇక దేవుడి దగ్గరికి వస్తే, 10వ శతాబ్దం చివరి మిథిల పండితుడు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి మూడో స్తబకంలో, అంటే మూడో అధ్యాయంలో, సరిగ్గా ఈ ఆయుధమే పట్టాడు. దేవుడు కనిపించడు కనుక లేడని, కంటికి కనిపించేదాన్నే నమ్మే చార్వాకుడు అంటాడు. కనిపించే జాతిదైతే కదా కనిపించకపోవడం లెక్కలోకి వచ్చేది అని ఉదయనుడి జవాబు. అంతటితో ఊరుకోడు, ఎగతాళి కూడా చేస్తాడు. కనపడనిదంతా లేనట్టే అయితే, చార్వాకుడు గడప దాటగానే పెళ్లాంబిడ్డలు కనపడరు కనుక వాళ్లు లేరని గుండెలు బాదుకుని ఏడవాలి, మళ్లీ ఇంటికి రాకూడదు అంటాడు. దర్శన గ్రంథాల్లో ఇంత చమత్కారం అరుదు.

చమత్కారం బాగుంది, కానీ గెలుపు సగమే. కనిపించే జాతిది కాని వస్తువు విషయంలో కనిపించకపోవడం వల్ల పుట్టేది సంశయం ఒక్కటేనని బౌద్ధుడైన ధర్మకీర్తి ఉదయనుడికి మూడు శతాబ్దాల ముందే తేల్చాడు. లేడనడానికి వీల్లేదన్న మాట నిజమే, ఉన్నాడనడానికీ దానివల్ల ఒక్క అంగుళం బలం రాదు. ఉదయనుడికి ఇది తెలియక కాదు. అందుకే ఐదో స్తబకంలో కార్యం, ఆయోజనం, ధృతి అంటూ ఈశ్వరుణ్ణి నిరూపించే హేతువుల వరుసను విడిగా పేర్చాడు. ప్రవచనాల్లో ఈ సంగతి తరచూ జారిపోతుంది. ‘గాలి కనిపిస్తుందా? కరెంటు కనిపిస్తుందా? దేవుడూ అంతే’ అనేసి ముందుకు వెళ్లిపోతారు. గాలికి స్పర్శ ఉంది, కరెంటుకు మీటరు ఉంది. ఆ వాదం చేసేవారు మీటరు ఏదో చూపించాలి, లేదంటే సంశయం దగ్గర ఆగాలి.

పొర పట్టిన కడ్డీ దగ్గర ఆగిపోయిన ఇంటాయన ఏం చేయాలి? కుమారిలుడి సలహా ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. ఏ జ్ఞానాన్నయినా మొదట నమ్మాలి, నమ్మకం మానుకోవడానికి రెండే కారణాలుండాలి అన్నాడాయన. దానికి ఎదురు తగిలే మరో జ్ఞానం పుట్టడం ఒకటి, జ్ఞానాన్ని ఇచ్చిన పనిముట్టులో లోపం బయటపడటం రెండోది. అనుమానం వస్తే మరోసారి చూడు, ఇంకోసారి చూడు, మూడు నాలుగు జ్ఞానాలకు మించి అక్కర్లేదని శ్లోకవార్తికంలో లెక్క కూడా చెప్పాడు. ఫర్నేసు మూడు ప్రయత్నాల తర్వాత ఆగిపోవడం ఆయనను చదివి చేసిన ఏర్పాటు కాకపోయినా, చదివినట్టే ఉంది.

గాజుబిళ్లలో కనిపించిన మంట ఎదురు జ్ఞానం. ఇక లోపం వెతకాలి. అనుభవమున్న టెక్నీషియన్ మొదట గడియారం చూస్తాడు. మంట నాలుగైదు సెకన్లకే ఆరితే అతని చూపు ఫ్లేమ్ సెన్సర్ మీదికి పోతుంది. ఐదు పది నిమిషాలు బాగా మండి ఆరితే కథ వేరు. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి, గాలి ఆడక, లోపల వేడి హద్దు దాటి లిమిట్ స్విచ్ ఆపేసి ఉంటుంది. అసలు మంటే వెలగకుండా ఫ్యాను మాత్రం తిరుగుతుంటే, బయటి గొట్టానికి మంచు అడ్డుపడిందా, నీళ్లు పోయే పైపు పూడుకుందా అని చూస్తాడు. బోర్డు మీద మినుకుమనే ఎల్ఈడీ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి తలుపు లోపలి పట్టికతో పోలుస్తాడు. సెన్సరేనని తేలితే పని చిన్నదే. కరెంటు, గ్యాస్ రెండూ కట్టేసి, ఒక్క మర విప్పి, కడ్డీని బయటికి లాగి, సన్నటి స్టీల్ ఊలుతో మెల్లగా రుద్ది, తుడిచి మళ్లీ బిగిస్తాడు. గరుకు ఇసుక కాగితం వాడొద్దంటారు చాలామంది టెక్నీషియన్లు, గీతలు పడితే పొర ఇంకా తొందరగా పట్టుకుంటుందని. ఆ తర్వాత మీటరు పెట్టి మైక్రోఆంపియర్లు కొలుస్తాడు.

కొలిచినా తక్కువే వస్తే? కడ్డీ శుభ్రంగా ఉంది, గ్రౌండు తీగ వదులుగా ఉండొచ్చు. గ్రౌండు బాగుంటే బోర్డు చెడి ఉండొచ్చు. బోర్డును కనిపెట్టేది మీటరు, మరి మీటరు సంగతి? ఇక్కడ నాగార్జునుడు గుర్తుకు రాకమానడు. నాగార్జునకొండతో తెలుగువారు పేరు ముడిపెట్టుకున్న ఈ బౌద్ధాచార్యుడు విగ్రహవ్యావర్తనిలో అడిగింది ఇదే. అన్నింటినీ ప్రమాణాలు నిరూపిస్తే ప్రమాణాలను నిరూపించేది ఏది? నిప్పు తననూ ఇతర వస్తువులనూ వెలిగించినట్టు ప్రమాణం కూడా తనను తానే నిరూపించుకుంటుందని ఎదుటివారు అంటే, నిప్పు తనను తాను వెలిగించుకోదు, నిప్పు చీకట్లో మరుగుపడి ఉండి తర్వాత బయటపడటం ఎవరైనా చూశారా అని ఎదురు ప్రశ్న వేశాడు. బేస్‌మెంటులో ఆయన మాటే నెగ్గుతుంది. మంట ఎంత ధగధగలాడినా తన ఉనికిని బోర్డుకు తానే చెప్పుకోలేకపోయింది.

నైయాయికులు ఈ గొలుసును ఒక చోట తెంపుతారు. నీళ్లనుకుని వెళ్లినవాడి దాహం తీరితే ఆ జ్ఞానం నిజమే, దాని వెనకాల ఇంకో సాక్షి అక్కర్లేదు. పై అంతస్తులో పిల్లల గది వెచ్చబడితే మీటరు మీద అనుమానం దానంతటదే సద్దుమణుగుతుంది. ఆచరణకు అడ్డం తగిలేదాకానే సంశయం నిలుస్తుందని ఉదయనుడు కూడా ఒక శ్లోకంలో అన్నాడు. 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఆ శ్లోకాన్నే కాస్త మార్చి ఉదయనుడి మీదికే విసిరాడు. మన శ్రీనాథుడు తెలిగించిన నైషధం ఆ శ్రీహర్షుడిదే. కవిత్వంలో ఎంత శృంగారమో వాదంలో అంత కారం.

ఇంతవరకూ తెలుసుకోవడం గురించిన మాట. ఫర్నేసు చేసే పనిలో ఇంకో మెలిక ఉంది. నిజానికి ఆ బోర్డు మంట లేదని తీర్పు చెప్పదు. మంట ఉన్నట్టు రుజువు కాలేదని గ్యాస్ ఆపుతుంది. ఉన్న మంటను లేదనుకుంటే జరిగే నష్టం ఒక చలి రాత్రి. లేని మంటను ఉందనుకుంటే వాల్వు తెరిచే ఉండి, మండని గ్యాస్ ఇంట్లో నిండుతుంది, అప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. రెండు తప్పుల బరువు సమానం కానప్పుడు, సంశయంలో ఎటు మొగ్గాలో తర్కం ఒక్కటే చెప్పలేదు, ప్రాణాల లెక్క కూడా చూడాలి. ఆ లెక్క ప్రకారం యంత్రం మొండితనం సరైనదే. అందుకే సెన్సర్ పని చేయడం లేదని స్విచ్‌లను తీగముక్కతో కలిపేసి ఫర్నేసును నడిపించేవాడిని ధైర్యవంతుడు అనకూడదు. ముఖ్యంగా మంట పెట్టె బయటికి ఎగదన్నినప్పుడు పడిపోయే రోలౌట్ స్విచ్‌ను అలా దాటవేయడం ఇంటివాళ్ల మీద హత్యాప్రయత్నం కిందే లెక్క.

దైవం విషయంలో ఈ లెక్క అటూ ఇటూ కూడా తగులుతుంది. రోగం వచ్చినప్పుడు వైద్యం మాని నమ్మకం చాలనడం తీగముక్కతో స్విచ్‌ను కలపడమే. ఆ నమ్మకం రుజువైనది కాదు, దాని ఖరీదు కట్టేది మాత్రం రోగి. మరోవైపు, పొద్దున పావుగంట పూజ చేసుకుని నెమ్మదిగా పనికి వెళ్లే ముసలావిడను రుజువు చూపమని నిలదీయడానికి ఏ గ్యాసూ లీకవడం లేదు. తెలుగునాట నాస్తికోద్యమానికి పెద్ద దిక్కయిన గోరా ఈ తేడా ఎరిగినవాడే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చిన ఆయన, దేవుడి ఉనికి కన్నా మనిషి నడతనే చర్చకు పెట్టాడు. గాంధీతో ఆయన జరిపిన సంభాషణల పుస్తకం 1951లో వచ్చింది, అందులోనూ చర్చ అంటరానితనం, సమానత్వం చుట్టూనే. ఆ కేంద్రం వాళ్లు నిప్పుల గుండం మీద నడిచి చూపడం కూడా తర్కంగానే చక్కటి పని. కాళ్లు కాలకపోవడం దైవశక్తికి గుర్తంటే, నాస్తికుల కాళ్లూ కాలలేదు మరి. అన్నంభట్టు శిష్యుడెవరైనా ఆ హేతువును అక్కడికక్కడే కొట్టేస్తాడు. అంతమాత్రాన దైవం లేదని తేలుతుందా? తేలదు. తేలిందల్లా ఆ ఒక్క గుర్తు పనికిరాదని. అగ్గిగుండం తొక్కే భక్తుడూ, దాన్ని ఎగతాళి చేసే హేతువాదీ ఇద్దరూ తరచూ దాటేసే హద్దు ఇదే.

చలి దేశాల్లో ఉన్న పాఠకులకు ఒక మాట. ఫర్నేసులో హీట్ ఎక్స్‌చేంజర్ పగిలినా, పొగగొట్టం మూసుకుపోయినా ఇంట్లోకి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, గ్యాస్‌కు కలిపినట్టు దానికి మెర్కాప్టాన్ కలిపేవాడూ లేడు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అమెరికాలో ఏటా 400 మందికి పైగా, మంటల్లో చిక్కుకుని కాకుండా, ఊరికే ఇలా ఊపిరాడక చనిపోతున్నారు. ఇది మనిషి ఇంద్రియాలకు అందని సరుకు కనుక ‘మాకేమీ తెలియడం లేదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా ఒక డిటెక్టరు పెట్టండి, బ్యాటరీ మార్చండి, దాని మీద అచ్చువేసిన గడువు తేదీ దాటితే కొత్తది కొనండి. అది మోగినప్పుడు కిటికీలు తెరుస్తూ కూర్చోకుండా అందరినీ తీసుకుని బయటికి వచ్చేసి, ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయండి.